లెక్కలోకి రాని చిన్నారులు

ఎక్కడో జర్మనీలోనో జపాన్‌లోనో జరిగే మందుల పరీక్షలో ఒక్క అంకె తేడా వచ్చినా మాదాపూర్‌లో కూర్చుని పట్టేసే కుర్రాళ్లున్న నగరం హైదరాబాద్‌. అదే నగరానికి క్యాన్సర్‌ చికిత్స కోసం వచ్చిన పసిబిడ్డ పేరు మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉండొచ్చు. పుట్టినతేదీ ఎక్కడా ఉండకపోవచ్చు. సగంలో మందులు మానేసి ఊరెళ్లిపోతే ఆ బిడ్డ ఏమైందో ఎవరికీ తెలియకపోవచ్చు. పిల్లల క్యాన్సర్‌ మీద పోరాటంలో మందుకెంత విలువుందో సరైన లెక్కకూ అంతే విలువుంది.

ఓ పాపను ఊహించుకుందాం. ఇంట్లో అంతా బుజ్జి అంటారు. అప్పుడప్పుడే బడికెళ్తోంది. రెండు వారాలుగా జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తోంది. ఒంటిమీద అక్కడక్కడా కమిలిన మచ్చలు. ఊళ్లో ఆర్‌ఎంపీ మందులిచ్చినా గుణం కనిపించలేదు. పట్నంలో పిల్లల డాక్టరు రక్తపరీక్ష చేయించి, ‘ఆలస్యం చేయకుండా హైదరాబాద్‌ తీసుకెళ్లండి’ అన్నాడు.

మొదటి ఆసుపత్రిలో చీటీ రాయించేటప్పుడు కంగారులో నాన్న నోటివెంట ‘బుజ్జి’ అనే వచ్చింది. వయసెంత అంటే ‘ఉగాదికి అయిదు నిండుతాయండీ’ అన్నాడు. అక్కడ 5 అని రాసుకున్నారు. రెండో ఆసుపత్రిలో ఆధార్‌ కార్డు చూసి ఇంటిపేరుతో సహా రాశారు. అక్కడ వయసు 4. మూడోచోట బడిలో పేరు చెప్పారు. దాన్ని ఇంగ్లిష్‌లో రాసేసరికి రెండక్షరాలు మారిపోయాయి. చిరునామా అడిగితే, కూకట్‌పల్లిలో తాము దిగిన పిన్ని ఇల్లు చెప్పారు.

పాప ఒక్కతే. కాగితాల మీద మాత్రం ముగ్గురు! ఈ ఏడాది ఎంతమంది పిల్లలకు లుకేమియా వచ్చిందని రేపు ఎవరైనా ఆరా తీస్తే బుజ్జి మూడుసార్లు లెక్కకు రావచ్చు. ఏ కాగితంలోనూ పూర్తి వివరాలు లేక అసలు రాకుండానూ పోవచ్చు. పల్లె లెక్కలో ఉండాల్సిన బిడ్డ నగరం లెక్కలో కలిసిపోవచ్చు.

పెద్దల జబ్బుల్లో అయితే ఇలాంటి పొరపాట్లు వేల కేసుల మధ్య సర్దుకుపోతాయి. పిల్లల క్యాన్సర్‌ సంగతి వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచం మొత్తమ్మీద 19 ఏళ్లలోపు వారిలో ఏటా సుమారు 4 లక్షల మంది దీని బారిన పడుతున్నారు. రక్తం, మెదడు, కన్ను, మూత్రపిండం, ఎముక... ఇలా ఎన్నో రకాలు. ఒక్కోదాంట్లో మళ్లీ ఉపరకాలు. అలా విడదీసుకుంటూ పోతే ఒక ఉపరకానికి ఒక నగరంలో ఏడాదికి కనిపించేది కొద్దిమందే. ఆ కొద్దిమందిలో ఇద్దరి వివరాలు తప్పుగా ఉన్నా, వాళ్లను చూసి నేర్చుకోవాల్సిన పాఠమే తప్పిపోతుంది.

మాదాపూర్‌లో అంకెల కాపలా

1998 నవంబరు 22న సైబర్‌ టవర్స్‌ ప్రారంభమైంది. సాఫ్ట్‌వేర్‌ కొలువుల వెనకే హైటెక్‌సిటీకి మరో రకం ఉద్యోగమూ వచ్చింది. దాని పేరు క్లినికల్‌ డేటా మేనేజ్‌మెంట్‌. బీఫార్మసీ, ఎంఫార్మసీ చదివిన పిల్లలు అమీర్‌పేటలో ‘శాస్‌’ కోర్సు నేర్చుకుని ఇటువైపు అడుగులేశారు. నోవార్టిస్‌ లాంటి బహుళజాతి మందుల కంపెనీల కార్యాలయాల్లో వేర్వేరు దేశాల రోగుల వివరాలు వీళ్ల కంప్యూటర్ల ముందుకు వస్తాయి. రోగి పేరు కనిపించదు, నంబరే కనిపిస్తుంది.

వీళ్ల పనేంటంటే, నమ్మకపోవడమే! ఆరేళ్ల బాబు బరువు 180 కిలోలని వస్తే కంప్యూటరే ఎర్రజెండా చూపిస్తుంది. 18.0 అని కొట్టబోయి చుక్క మరిచిపోయారేమోనని సంబంధిత ఆసుపత్రికి ప్రశ్న వెళ్తుంది. దాన్నే ‘క్వెరీ’ అంటారు. జవాబు వచ్చేదాకా ఆ గడి ముడిపడదు. జబ్బు నిర్ధారణ తేదీ కంటే చికిత్స మొదలైన తేదీ ముందుంటే మరో క్వెరీ. ఎవరైనా ఒక అంకె మార్చితే... పాత అంకె, కొత్త అంకె, మార్చిందెవరు, ఎప్పుడు, ఎందుకు అన్నవన్నీ నమోదైపోతాయి. చెరిపేయడం కుదరదు.

అంత జాగ్రత్త ఎందుకంటే, ఆ అంకెల్ని నమ్మే ప్రభుత్వాలు మందుకు అనుమతిస్తాయి. పైగా పిల్లలకు క్యాన్సర్‌ మందుల మోతాదును చాలావరకు ఎత్తు, బరువుల నుంచి లెక్కగట్టే శరీర ఉపరితల వైశాల్యాన్ని బట్టి నిర్ణయిస్తారు. బరువు తప్పయితే మోతాదూ తప్పే. కంపెనీ డబ్బుతో నడిచే పరీక్షకు ఇంత కాపలా ఉంటుంది. రోజూ కిటకిటలాడే వార్డులో మామూలు చికిత్స పొందే బిడ్డ కేస్‌షీటుకు అలాంటి కాపలా సాధారణంగా ఉండదు. రేపటి పిల్లలకు ఏ వైద్యం పనిచేస్తుందో చెప్పాల్సింది మాత్రం ఆ కేస్‌షీట్లే.

భీమవరం బిడ్డ మందు... బోస్టన్‌ లెక్క

కచ్చితమైన లెక్క ఏం చేయగలదో తెలియాలంటే ఒక తెలుగువాడి కథ గుర్తుచేసుకోవాలి. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్లి లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు సారథ్యం వహించారు. ఫోలిక్‌ ఆమ్లం మీద ఆయన బృందం పనిచేస్తున్న రోజుల్లోనే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్‌ అనే వైద్యుడు లుకేమియా పిల్లలకు ఫోలిక్‌ ఆమ్ల సంబంధ పదార్థాలు ఇచ్చి చూశారు. జబ్బు తగ్గకపోగా ఎముక మజ్జలో ఇంకా వేగం పుంజుకున్నట్టు గమనించారు. ‘ప్రయోగం విఫలమైంది’ అని కాగితం మూసేసి ఉంటే కథ అక్కడితో ముగిసేది. ఆయన ఆ విషయాన్ని శ్రద్ధగా నమోదుచేశారు. ఫోలిక్‌ ఆమ్లం జబ్బును పెంచుతుంటే, దాన్ని అడ్డుకునే పదార్థం తగ్గించాలి కదా అన్న ఆలోచన అక్కణ్నుంచే వచ్చింది. సుబ్బారావు బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ బోస్టన్‌కు చేరింది.

1948 జూన్‌లో ఫార్బర్‌ ప్రచురించిన పత్రంలో ఉన్నది 16 మంది పిల్లల వివరాలు. 10 మందిలో మెరుగుదల కనిపించింది. మిగతా ఆరుగురి సంగతి దాచలేదు. మందుకు విషప్రభావం ఉందనీ, ఉపశమనం కొంతకాలమేననీ రాశారు. పత్రం శీర్షికలోనే ‘తాత్కాలిక’ అన్న మాట ఉంది! ఆ నిజాయతీ వల్లే తర్వాతివాళ్లకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసింది. సుబ్బారావు అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్‌ నేటికీ లుకేమియా పిల్లల చికిత్సలో ఉంది. 1960ల తొలినాళ్లలో పదిమందిలో ఒకరు కూడా బతకని ఆ జబ్బు నుంచి సంపన్న దేశాల్లో ఇప్పుడు పదిమందిలో తొమ్మిదిమంది దాకా బయటపడుతున్నారు. ఆసుపత్రులన్నీ ఒకే పద్ధతిలో చికిత్స చేసి, ఒకే పద్ధతిలో వివరాలు రాసి, ఒకచోట కలిపి చూసుకోవడమే ఇందులో సగం రహస్యం.

పంజాగుట్టలో నగరం ఖాతా

మన దేశంలో ఈ లెక్కలకు పునాది ముంబయిలో 1963లో పడింది. భారత వైద్య పరిశోధన మండలి 1981లో జాతీయ క్యాన్సర్‌ రిజిస్ట్రీ కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. ఇప్పుడు బెంగళూరులోని జాతీయ వ్యాధి సమాచార, పరిశోధన కేంద్రం దాన్ని నడిపిస్తోంది. 2020లో విడుదలైన నివేదికలో 28 జనాభా రిజిస్ట్రీలు, 58 ఆసుపత్రి రిజిస్ట్రీల వివరాలున్నాయి. పంజాగుట్టలోని నిమ్స్‌ ఆధ్వర్యంలో నడిచే హైదరాబాద్‌ రిజిస్ట్రీ 2014 నుంచి 2016 వరకు సేకరించిన లెక్కలు అందులో చోటుచేసుకున్నాయి.

ఆసుపత్రి రిజిస్ట్రీ తన గడప తొక్కినవారిని లెక్కిస్తుంది. జనాభా రిజిస్ట్రీ పని అంతకంటే కష్టం. ఒక ప్రాంతంలో ఉంటున్నవారిలో కొత్తగా ఎవరికి క్యాన్సర్‌ వచ్చినా, చికిత్స ఎక్కడ తీసుకున్నా, పట్టుకోవాలి. సమాచారం దానంతటదే నడిచి రాదు. రిజిస్ట్రీ సిబ్బందే ఆసుపత్రులు, ల్యాబులు, మరణాల నమోదు కార్యాలయాల చుట్టూ తిరగాలి. 1953లో పిల్లల కోసం వెలసిన నిలోఫర్‌, 1955 నాటి ఎంఎన్‌జే క్యాన్సర్‌ ఆసుపత్రి రెండూ రెడ్‌హిల్స్‌లోనే ఉన్నాయి. 2000లో బంజారాహిల్స్‌లో బసవతారకం వచ్చింది. ఆపైన కార్పొరేట్‌ ఆసుపత్రులు. ఒకే బిడ్డ ఇన్నిచోట్లా తిరగొచ్చు. అందుకే పేరు, వయసు, తండ్రి పేరు, చిరునామా, ఫోను నంబరు పక్కపక్కన పెట్టుకుని ‘ఈ ఇద్దరూ ఒక్కరేనా’ అని తేల్చుకోవాలి.

ఇక్కడో చిత్రమైన మెలిక ఉంది. 2014-16 లెక్కలు హైదరాబాద్‌ జిల్లావి. సైబర్‌ టవర్స్‌ ఉన్న మాదాపూర్‌, దాని పక్కనున్న గచ్చిబౌలి రంగారెడ్డి జిల్లాలోకి వస్తాయి. అంటే ఐటీ కారిడార్‌లోని అపార్ట్‌మెంట్లలో ఉండే బిడ్డ నగరం ఆసుపత్రిలోనే చికిత్స పొందినా, జిల్లా గీత దగ్గర లెక్క మారిపోతుంది. అద్దె ఇళ్లు మారే కుటుంబాలు, పనికోసం వలసొచ్చిన కూలీలు ఎక్కువగా ఉండే చోట ‘ఏడాదికి పైగా ఇక్కడే ఉంటున్నారా’ అన్న చిన్న ప్రశ్నకు పెద్ద విలువుంది.

మరణాల వైపు నుంచి సరిచూసుకుందామంటే అక్కడా చిక్కే. దేశంలో నమోదైన మరణాల్లో వైద్యులు కారణాన్ని ధ్రువీకరించినవి 2020లో 22.5 శాతమే. లుకేమియా ఉందని తెలియకముందే ఇన్ఫెక్షన్‌తో పోయిన బిడ్డ మరణం ఇంట్లోవాళ్ల జ్ఞాపకంలో ‘విషజ్వరం’గానే మిగిలిపోతుంది.

పెద్దల కొలబద్ద చాలదు

పెద్దల క్యాన్సర్‌ను అవయవాన్ని బట్టి చెబుతాం. రొమ్ము, ఊపిరితిత్తి, నోరు... ఇలా. పిల్లల్లో కణం రకం ముఖ్యం. కేస్‌షీటులో ‘కడుపులో గడ్డ’ అని రాసి వదిలేస్తే అది మూత్రపిండంలో వచ్చే విల్మ్స్‌ కణితి కావచ్చు, అడ్రినల్‌ గ్రంథిలో మొదలయ్యే న్యూరోబ్లాస్టోమా కావచ్చు, కాలేయంలో వచ్చే హెపటోబ్లాస్టోమా కావచ్చు, లింఫోమా కావచ్చు. నాలుగింటికీ నాలుగు చికిత్సలు. అందుకే పిల్లల క్యాన్సర్లకు 12 ప్రధాన వర్గాలతో ప్రత్యేకమైన అంతర్జాతీయ వర్గీకరణ ఉంది. దాని మూడో కూర్పు 2005లో వచ్చింది.

రిజిస్ట్రీ నాణ్యతను తూచే రాళ్లూ పిల్లల దగ్గర మారిపోతాయి. జబ్బును సూక్ష్మదర్శిని కింద చూసి నిర్ధారించిన కేసులు ఎన్ని అన్నది ఒక ముఖ్యమైన కొలత. ఎక్కువుంటే మంచిదే. కానీ నూటికి నూరూ అలాగే ఉంటే అనుమానించాలి. ల్యాబు రిపోర్టులున్నవారిని మాత్రమే రాసుకుని మిగతావారిని వదిలేశారేమోనని! కంట్లో వచ్చే రెటినోబ్లాస్టోమాను వైద్యులు సాధారణంగా కంటి పరీక్ష, స్కానింగ్‌లతోనే గుర్తిస్తారు. సూది గుచ్చి ముక్క తీస్తే క్యాన్సర్‌ కణాలు బయటికి పాకే ప్రమాదముంది. మెదడు లోతుల్లోని కొన్ని కణితుల దగ్గరికి సూది వెళ్లదు. వీటిని ‘నిర్ధారణ కాని కేసులు’గా పక్కనపెడితే పిల్లలకు అన్యాయం చేసినట్టే.

జబ్బు ఏ దశలో బయటపడిందో రాయడంలోనూ ఒక్కో ఆసుపత్రిది ఒక్కో తీరు. దీన్ని చక్కదిద్దడానికి 2014లో కెనడాలోని టొరంటోలో నిపుణులు సమావేశమై పిల్లల క్యాన్సర్‌ దశలకు ఉమ్మడి మార్గదర్శకాలు రూపొందించారు. అన్ని వసతులూ ఉన్నచోట వివరంగా, లేనిచోట సరళంగా రాసుకునేలా రెండు అంచెలు పెట్టారు. ఏమీ రాయకపోవడం కంటే, తెలిసినంత మేరకు అందరూ ఒకేలా రాయడం మేలన్నది అందులోని సూత్రం.

మరి ఇంటర్‌ చదివే పదిహేడేళ్ల కుర్రాడు? కొన్ని లెక్కలు 14 ఏళ్ల దగ్గర ఆగిపోతాయి, కొన్ని 19 దాకా వెళ్తాయి. యుక్తవయస్కుల క్యాన్సర్‌ అంటే 15 నుంచి 39 అనేవాళ్లూ ఉన్నారు. ఒకచోట పిల్లల వార్డు, ఒకచోట పెద్దల వార్డు. ఇది మాటల తేడా అనుకోవడానికి లేదు. తీవ్ర లింఫోబ్లాస్టిక్‌ లుకేమియా వచ్చిన టీనేజీ పిల్లలకు పెద్దల పద్ధతి కంటే పిల్లల చికిత్స పద్ధతి మెరుగ్గా పనిచేస్తుందని తెలిసింది ఈ వయసువారి వివరాలను విడిగా తీసి పోల్చినప్పుడే.

మళ్లీ రాని బిడ్డ

లుకేమియాకు చికిత్స రెండు నుంచి మూడేళ్లు సాగుతుంది. మొదటి కొన్ని వారాలకే జ్వరం పోతుంది, మొహం తేటపడుతుంది. ‘బిడ్డ బాగానే ఉందిగా’ అనిపిస్తుంది. అప్పటికే అప్పులు. ఇంట్లో ఇంకో చంటిబిడ్డ. నాట్ల కాలం. నాన్న పనికి పోకపోతే గడవదు. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ ఆసుపత్రి ఖర్చు మోయడంతో చాలా కుటుంబాలకు ఊపిరొచ్చింది. అయినా దారి ఖర్చులు, పోయిన కూలి, నగరంలో తలదాచుకునే చోటు... ఇవన్నీ కుటుంబం మీదే. ఒక తేదీ తప్పుతుంది. తర్వాత రెండోది.

చికిత్స మధ్యలో నాలుగు వారాలు, ఆపైన రాకపోతే దాన్ని ‘చికిత్స మానేయడం’గా నమోదుచేయాలని పిల్లల క్యాన్సర్‌ వైద్యుల అంతర్జాతీయ సంఘం నిర్వచించింది. ఈ ఒక్క మాటను లెక్కలోకి తీసుకుంటే ఎంత తేడా వస్తుందో చూడండి. వందమంది పిల్లలు చేరారనుకుందాం. 60 మంది కోలుకున్నారు, 20 మంది చనిపోయారు, 20 మంది మధ్యలో మానేశారు. మానేసినవాళ్లను పక్కనపెట్టి లెక్కిస్తే 80లో 60, అంటే 75 శాతం విజయం. అందరినీ కలిపితే 60 శాతమే. మొదటి అంకె చూసినవారికి కొత్త మందు కావాలనిపిస్తుంది. రెండోది చూసినవారికి బస్సు టికెట్టు, ఉండటానికి గది, తేదీ తప్పిన రోజే వెళ్లే ఒక ఫోను కావాలని తెలుస్తుంది.

ఆ ఫోను చేయాలన్నా నంబరు సరిగ్గా ఉండాలి కదా!

లెక్క చెప్పిన నిజాలు

అందరూ ఒకే ప్రశ్నలు అడిగి, ఒకేలా రాస్తే ఏం బయటపడుతుందో రెటినోబ్లాస్టోమా చెప్పింది. 2017లో ఈ జబ్బు ఉన్నట్టు తేలిన 4,351 మంది వివరాలను 153 దేశాల నుంచి సేకరించిన అధ్యయనం 2020లో వెలువడింది. సంపన్న దేశాల్లో జబ్బును గుర్తించేనాటికి పిల్లల మధ్యస్థ వయసు 14 నెలలు. నిరుపేద దేశాల్లో 30 నెలలు. కన్ను దాటి జబ్బు బయటికి పాకిన పిల్లలు అక్కడ 1.5 శాతమైతే ఇక్కడ 49 శాతం. బిడ్డ కంటిపాపలో తెల్లటి మెరుపు కనిపించిన రోజుకీ, డాక్టరు దగ్గరికి వెళ్లిన రోజుకీ మధ్య గడిచిన కాలమే ప్రాణాంతకమని ఆ అంకెలు చెబుతున్నాయి. హైదరాబాద్‌లో ఎల్‌వీ ప్రసాద్‌ నేత్ర వైద్య సంస్థ కంటి క్యాన్సర్లకు ప్రత్యేక విభాగం నడుపుతోంది. రోగుల వివరాల కోసం ‘ఐస్మార్ట్‌’ పేరుతో సొంత ఎలక్ట్రానిక్‌ పద్ధతినీ తయారుచేసుకుంది.

మనసును కలచివేసే నిజం ఇంకొకటి. 2023లో ‘లాన్సెట్‌ ఆంకాలజీ’ పత్రికలో వచ్చిన భారతీయ అధ్యయనం ఆసుపత్రుల, రిజిస్ట్రీల వివరాలను పోల్చి చూసింది. క్యాన్సర్‌ వైద్యానికి వస్తున్న పిల్లల్లో అబ్బాయిలతో పోలిస్తే అమ్మాయిలు తక్కువని, ఉత్తరాదిలో ఈ తేడా ఎక్కువని తేలింది. ఆసుపత్రి దూరమయ్యేకొద్దీ అమ్మాయిల సంఖ్య ఇంకా తగ్గింది. ‘ఆడ, మగ’ అన్న చిన్న గడిని సరిగ్గా నింపకపోతే ఈ వివక్ష ఎప్పటికీ కనిపించేది కాదు.

గచ్చిబౌలి చేయందిస్తే...

ఐటీ కారిడార్‌ నైపుణ్యం ఆసుపత్రి గుమ్మం తొక్కిన ఉదాహరణలు లేకపోలేదు. 1998లో గచ్చిబౌలిలో ఏర్పాటైన ట్రిపుల్‌ఐటీ హైదరాబాద్‌, నిమ్స్‌ వైద్యులతో కలిసి మెదడు కణితుల స్లైడ్లను డిజిటల్‌ రూపంలోకి మార్చింది. 367 మంది రోగులకు చెందిన 547 స్లైడ్లతో తయారైన ఈ భాండాగారం వివరాలు 2024లో అంతర్జాతీయ పత్రికలో ప్రచురితమయ్యాయి. ఇది పిల్లల కోసమే చేసింది కాదు. కానీ దారి చూపిస్తోంది. రోగ నిర్ధారణ సరిచూసిన, గుర్తింపు వివరాలు తొలగించిన మన రోగుల సమాచారం పరిశోధకులందరి చేతికీ అందింది.

2021 సెప్టెంబరులో దేశమంతటా మొదలైన ఆయుష్మాన్‌ భారత్‌ డిజిటల్‌ మిషన్‌ కింద 14 అంకెల ‘ఆభా’ నంబరు తీసుకోవచ్చు. ఏ ఆసుపత్రికి వెళ్లినా అదే నంబరుతో రాస్తే బుజ్జి ముగ్గురిగా మారే అవకాశం తగ్గుతుంది. గోప్యత మరువకూడదు. ఒకప్పుడు క్యాన్సర్‌ వచ్చిందన్న మాట పెళ్లి సంబంధాల దగ్గరో ఉద్యోగం దగ్గరో అడ్డు రాకూడదు కదా! 2023లో వచ్చిన డిజిటల్‌ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి వివరాల విషయంలో తల్లిదండ్రుల అనుమతికి ప్రాధాన్యమిచ్చింది. తమ బిడ్డ వివరాలు ఎవరు చూస్తారు, పేరు తీసేస్తారా, దేనికి వాడతారు అని అడిగే హక్కు అమ్మానాన్నలకు ఉంది.

2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక లక్ష్యం పెట్టుకుంది. 2030 నాటికి ప్రపంచవ్యాప్తంగా క్యాన్సర్‌ వచ్చిన పిల్లల్లో కనీసం 60 శాతం మంది బతకాలని. ఆ 60ని చేరామో లేదో తెలియాలంటే వందమంది ఎవరో ముందు తెలియాలి.

ఈ ఫైలు మీ చేతిలో!

* బిడ్డకు ఆధార్‌లో, జనన ధ్రువపత్రంలో ఉన్న పేరే అన్ని ఆసుపత్రుల్లోనూ ఒకే అక్షరాలతో రాయించండి. ముద్దుపేరు వద్దు.

* ‘అయిదు నిండబోతున్నాయి’ అనకుండా పుట్టినతేదీ చెప్పండి.

* బంధువుల ఇంట్లో దిగినా సొంతూరి చిరునామా ఇవ్వండి. నగరంలో ఉంటున్న చోటు విడిగా చెప్పండి.

* రెండు ఫోను నంబర్లు రాయించండి. నంబరు మారితే మరుసటిసారి వెళ్లినప్పుడు మార్పించండి.

* తొలి రక్తపరీక్ష, మజ్జ పరీక్ష, బయాప్సీ, స్కానింగ్‌ రిపోర్టులు పారేయొద్దు. తేదీల వరసలో ఒకే ఫైలులో ఉంచండి. ఫోనులో ఫొటోలు తీసిపెట్టుకోండి.

* ఇంటి దగ్గర వేసే మందులను క్యాలెండరు మీద గుర్తుపెట్టండి. మెథోట్రెక్సేట్‌ మాత్ర వారానికి ఒకసారి వేయమంటే ఆ రోజే వేయాలి. పొరపాటున రోజూ వేస్తే ప్రమాదం.

* తేదీకి రాలేకపోతే ముందే ఫోను చేసి కారణం చెప్పండి. ఆసుపత్రి మారితే పాతచోట ఆ సంగతి చెప్పండి.

* చికిత్స పూర్తయ్యాక కూడా పిలిచినప్పుడల్లా వెళ్లండి. బిడ్డ బాగుందన్న కబురు కూడా ఎంతో విలువైన సమాచారమే.

బుజ్జి ఫైలులో సరిగ్గా రాసిన ప్రతి గడీ బుజ్జికి ఈరోజు ఉపయోగపడుతుంది. పదేళ్ల తర్వాత ఏ ఊరి నుంచో జ్వరంతో వచ్చే మరో పాపకు ఏ మందు, ఎంత ఇవ్వాలో చెప్పేదీ అదే. 1948లో బోస్టన్‌లో ఆ 16 మంది పిల్లల కాగితాలు చేసిన మేలు అదే కదా!